వాకిట్లో తొర్ర పడిన వేప మాను: గాలివానకు కూలితే బాధ్యత ఎవరిది?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా కావలి పట్టణం. మా నాన్నగారు తన సొంత సంపాదనతో కట్టిన ఇంట్లో నేనూ, మా అమ్మగారూ ఉంటున్నాము. నాన్నగారు వీలునామా రాయకుండానే ఆరేళ్ల క్రితం పోయారు. ఒక్కడే అన్నయ్య, హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. ఆస్తి ఇంకా పంచుకోలేదు. మా దొడ్లో, ప్రహరీ గోడకు మూడడుగుల లోపల, పాత వేప చెట్టు ఉంది. రెండేళ్లుగా దాని మొదట్లో తొర్ర పెరుగుతూ మాను పక్కింటి వైపు ఒరిగింది. ఒక పెద్ద కొమ్మ వారి రేకుల వసారా మీదకు, మరొకటి వీధిలోని కరెంటు తీగల మీదకు వంగి ఉన్నాయి. పదిహేను రోజుల్లో చెట్టు కొట్టించకపోతే తామే కొట్టిస్తామనీ, ఏ నష్టం జరిగినా మేమే భరించాలనీ పక్కింటివారు పోయిన నెలలో లాయరు నోటీసు పంపారు. ఆ చెట్టుకు ఏటా పసుపు కుంకుమలు పెట్టి పొంగలి పెట్టుకునే మా అమ్మగారు కొట్టడానికి ఒప్పుకోవడం లేదు. తుపానుకు కూలితే అది దైవాధీనం కదా, మేమెందుకు నష్టం కట్టాలి? వారు మా చెట్టును కొట్టించవచ్చా? మేము కొట్టించాలంటే ఎవరి అనుమతి కావాలి?

జవాబు: మీ మూడు ప్రశ్నలలో మొదటిదే అసలైనది. దానికి సూటిగా జవాబు చెబుతాను. ఆరోగ్యంగా ఉన్న చెట్టు, బయటికి ఏ లోపమూ కనబడని చెట్టు, తుపాను గాలికి వేళ్లతో సహా పెకిలి పక్కవారి ఇంటిమీద పడితే యజమానిని నష్టపరిహారం కట్టమని కోర్టు సాధారణంగా అనదు. కానీ మీ చెట్టు పరిస్థితి అది కాదు. మొదట్లో తొర్ర ఉందని, మాను ఒరిగిందని, అది రెండేళ్లుగా ముదురుతోందని మీ ఉత్తరంలో మీరే రాశారు. పైగా పక్కింటివారు అదే విషయాన్ని నోటీసు రూపంలో మీ చేతికిచ్చారు. ప్రమాదం ఉన్నదని యజమానికి తెలిసిన రోజు నుంచి చట్టం అతనిని చూసే తీరు మారిపోతుంది. రేపు కోర్టులో మొదట తేలవలసిన విషయం గాలి ఎంత వేగంతో వీచిందన్నది కాదు, మీకు తెలిసిన తరువాత మీరు ఏమి చేశారన్నది.

ఈ విషయంలో సుప్రీంకోర్టు 1999లో ఇచ్చిన తీర్పు ఒకటి ఉంది. ఢిల్లీ నగరంలో స్కూటరు మీద వెళ్తున్న వ్యక్తి తలమీద రోడ్డు పక్క చెట్టు కొమ్మ విరిగిపడి అతను మరణించగా, అతని కుటుంబం నగర పాలక సంస్థ మీద దావా వేసింది. తెగులు పట్టినందువల్లో, ఎండిపోయినందువల్లో చెట్టుగానీ కొమ్మగానీ పడి మనుషులకు హాని చేసే స్థితికి వస్తే దానిని తొలగించి ఆ ప్రమాదాన్ని నివారించవలసిన బాధ్యత దాని యజమానిదేనని చెబుతూ, ఆ సంస్థ నష్టపరిహారం చెల్లించాలన్న ఉత్తర్వును సుప్రీంకోర్టు సమర్థించింది. అక్కడ యజమాని నగర పాలక సంస్థ. మీ విషయంలో యజమానులు మీరు. సూత్రం ఒక్కటే.

ఇక దైవాధీనం అన్న వాదన. న్యాయశాస్త్రంలో ఆ మాటకు అర్థం చాలా ఇరుకైనది. మనిషి ముందుగా ఊహించలేనిదీ, తగిన జాగ్రత్త తీసుకున్నా తప్పించుకోలేనిదీ అయిన ప్రకృతి విపత్తుకే ఆ రక్షణ దొరుకుతుంది. నెల్లూరు, ప్రకాశం తీరంలో అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వాయుగుండాలు రావడం ఎవరూ ఊహించలేని సంగతి అని ఏ న్యాయమూర్తి ముందైనా ఎలా వాదించగలము? 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మన రెండు జిల్లాలూ ఆ గాలివానను చవిచూశాయి. ఏటా వచ్చే కార్తీక మార్గశిరాల గాలికి తొర్ర పడిన మాను నిలబడదన్నది ఇక్కడి రైతుకు ఎవరూ చెప్పనక్కరలేని విషయం. అందువల్ల తుపాను కారణంగా పడిందని చెప్పినంత మాత్రాన మీ బాధ్యత తొలగిపోదు; తొర్ర వల్లనే పడిందని ఎదుటివారు నిరూపించడానికి ఒక ఫోటో, ఒక నోటీసు చాలు.

బాధ్యత డబ్బుతోనే ఆగకపోవచ్చు. రేకులు పగిలితే, గోడ కూలితే సివిల్ కోర్టులో 3 సంవత్సరాలలోపు నష్టపరిహారపు దావా వేయవచ్చు. ప్రాణం పోతే, 1855 నాటి ప్రాణాంతక ప్రమాదాల చట్టం కింద మరణించినవారి కుటుంబం 2 సంవత్సరాలలోపు దావా వేయవచ్చు. భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 106వ సెక్షను కింద నిర్లక్ష్యంతో మరణానికి కారణమైనట్టు క్రిమినల్ కేసు కూడా రావచ్చు. దానికి 5 సంవత్సరాల వరకు జైలు శిక్ష ఉంది. మిమ్మల్ని భయపెట్టడానికి ఇది రాయడం లేదు. ఆ వసారా కింద పడుకునేవారు ఎవరో, ఆ వీధిలో బడికి వెళ్లే పిల్లలు ఎవరో మీకు తెలుసు కనుక రాస్తున్నాను.

రెండవ ప్రశ్న, పక్కింటివారు మీ చెట్టును కొట్టించవచ్చా అన్నది. చెట్టు మొదలు పూర్తిగా మీ హద్దులో ఉంది కనుక చెట్టు మీది. వారు మీ దొడ్లోకి అడుగుపెట్టి దానిని నరికితే అది అక్రమ ప్రవేశమూ, ఆస్తినష్టమూ అవుతుంది. నోటీసులో తామే కొట్టిస్తామని రాసినంత మాత్రాన వారికి ఆ హక్కు రాదు. అయితే గోడ దాటి వారి స్థలంమీదకు వచ్చిన కొమ్మల సంగతి వేరు. ఇంగ్లండులో 1895లో ప్రభువుల సభ (హౌస్ ఆఫ్ లార్డ్స్, అప్పట్లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం) ఒక వ్యాజ్యంలో స్థిరపరచిన సూత్రాన్నే మన కోర్టులూ సాధారణంగా అనుసరిస్తున్నాయి: తన స్థలంలో నిలబడి, హద్దు వరకు మాత్రమే, తన మీదకు వాలిన కొమ్మలను పక్కవారు నరుక్కోవచ్చు. నరికిన కలప మాత్రం మీదే. దానిని వారు వాడుకోవడానికి వీలు లేదు. అందువల్ల వసారా మీది కొమ్మను వారు తమ వైపు నుంచి తీయించుకుంటామంటే అడ్డు చెప్పవద్దు. మీరే మనిషిని పెట్టి తీయించడం ఇంకా మంచిది. ఒరిగిన మానుకు ఒక వైపు బరువు మాత్రమే తీసివేస్తే అది రెండవ వైపు వాలే ప్రమాదం ఉంటుంది. అందుకే ఈ పని పక్కవారు ఒక చేయి, మీరు ఒక చేయి వేసి చేసేది కాదు.

పక్కింటివారికి నోటీసుకన్నా పదునైన దారి మరొకటి ఉంది. భారతీయ నాగరిక సురక్షా సంహిత 152వ సెక్షను, అంటే 2024 జూలై 1కి ముందు క్రిమినల్ ప్రొసీజరు కోడులో 133వ సెక్షనుగా ఉన్నది, సరిగ్గా ఇలాంటి చెట్ల గురించే మాట్లాడుతుంది. ఇరుగుపొరుగున ఉండేవారికి, వ్యాపారం చేసుకునేవారికి, దారిన పోయేవారికి హాని కలిగేలా పడిపోయే స్థితిలో చెట్టు ఉంటే, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు హోదాలో రెవెన్యూ డివిజనల్ అధికారి, దానిని నిర్ణీత గడువులో తొలగించమనో లేక ఆసరా కల్పించమనో షరతుతో కూడిన ఉత్తర్వు ఇవ్వవచ్చు. మీరు హాజరై అభ్యంతరం చెప్పుకోవచ్చు. చెప్పకపోతే ఉత్తర్వు ఖాయమవుతుంది. పాటించకపోతే అధికారులే ఆ పని చేయించి ఖర్చు మీ నుంచి వసూలు చేస్తారు. ఆ ఉత్తర్వును సివిల్ కోర్టులో సవాలు చేయడానికి వీలు లేదు. ప్రమాదం అంత తక్షణంగా ఉందనిపిస్తే విచారణ ముగిసేలోపే 161వ సెక్షను కింద తాత్కాలిక ఉత్తర్వు కూడా ఇవ్వవచ్చు. ఆకులు రాలుతున్నాయనో, నీడ వల్ల మా మొక్కలు పెరగడం లేదనో వచ్చే ఇరుగుపొరుగు తగాదాలకు ఈ సెక్షను వర్తించదు. మీ చెట్టుకు మాత్రం వర్తిస్తుంది, ఎందుకంటే ఒక కొమ్మ వీధి మీద ఉంది.

ఆ సెక్షనులోని ఒక మాటను మీ అమ్మగారి కోసం మళ్లీ చెబుతాను. తొలగించడం లేదా ఆసరా కల్పించడం అని చట్టమే అంటోంది. చెట్టు ప్రమాదం తప్పాలన్నదే చట్టం కోరేది. మొదలంటా కొట్టి తీరాలని కాదు. పొంగలి పెట్టుకున్న చెట్టును కొట్టవద్దని ఒక తల్లి అడగడాన్ని మూఢనమ్మకం అని కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు. చట్టరీత్యా కూడా ఆమె మాటకు విలువ ఉంది: నాన్నగారు వీలునామా లేకుండా పోయారు కనుక, మీరు చెప్పినట్టు అది ఆయన స్వార్జితమైతే, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మగారు, అన్నయ్య, మీరు ముగ్గురూ సమాన వాటాదారులు. వేరే సోదరీమణులు లేరన్నదే నా ఊహ. ఉంటే వారికీ అంతే వాటా ఉంటుంది. కాబట్టి ఆమె కేవలం ఇంటి పెద్ద కాదు, చెట్టులో మూడో వంతు యజమాని. ఆమెను కాదని మీరొక్కరే కొట్టించడం సరైనది కాదు. అదే సమయంలో, చెట్టు పడి ఎవరికైనా హాని జరిగితే బాధ్యత కూడా ముగ్గురిదే. ఆ ఇంట్లో నివసిస్తూ చెట్టు స్థితిని రోజూ చూస్తున్నవారు కనుక కోర్టు ముందుగా చూసేది మీ వైపే. హైదరాబాదులో ఉన్న అన్నయ్య నాకు తెలియదని అనవచ్చు, మీరు అనలేరు.

ఈ చిక్కును విడదీయడానికి వాదనకన్నా ఒక నిపుణుడి అభిప్రాయం ఎక్కువ పనికి వస్తుంది. అటవీ శాఖ రేంజి అధికారినిగానీ, ఉద్యాన శాఖవారినిగానీ పిలిపించి చెట్టును చూపించండి. తొర్ర మొదలు చుట్టుకొలతలో ఎంత భాగాన్ని తిన్నది, వేళ్లు గట్టిగా ఉన్నాయా, చెదలు ఎంతవరకు చేరింది అన్నది వారు చూసి చెప్పగలరు. పై కొమ్మలు దించి బరువు తగ్గిస్తే, ఇనుప ఆసరా పెడితే నిలబడుతుందని వారు రాతపూర్వకంగా అంటే అలాగే చేయండి, చెట్టూ దక్కుతుంది, రేపు కోర్టులో మీరు తగిన జాగ్రత్త తీసుకున్నారనడానికి ఆ కాగితం సాక్ష్యమూ అవుతుంది. నిలబడదని అంటే ఆ మాట అమ్మగారు మీ నోట కాక వారి నోట వినడం మేలు. అదే చెట్టు గింజతో మొలిచిన మొక్కను అదే దొడ్లో ఇంకొక చోట నాటించిన కుటుంబాలు నా దగ్గరకు వచ్చినవారిలో ఉన్నాయి.

మూడవ ప్రశ్న అనుమతి గురించి. సొంత స్థలంలోని చెట్టు కదా అని రంపం తెప్పించకండి. మన రాష్ట్రంలో 2002 నాటి జల, భూమి, వృక్ష సంరక్షణ చట్టం, మనమంతా వాల్టా అని పిలిచేది, అమలులో ఉంది. దాని ప్రకారం సొంత భూమిలోని చెట్టును కొట్టడానికి కూడా ముందస్తు అనుమతి తీసుకోవాలి. మినహాయింపు పొందిన జాతులకు తప్ప. అటవీ శాఖ కార్యాలయంలో దరఖాస్తు ఇచ్చేటప్పుడు చెట్టు జాతి, కొలత, ఫోటోలు, పక్కవారి నోటీసు ప్రతి జతపరచి, ప్రాణాపాయం ఉన్నందున త్వరగా పరిశీలించమని స్పష్టంగా రాయండి. మినహాయింపు, కలప రవాణా అనుమతి సంగతులు అక్కడే అడిగి తెలుసుకోండి. మున్సిపల్ కమిషనరుకు కూడా ఒక ప్రతి ఇచ్చి స్వీకరించినట్టు ముద్ర వేయించుకోండి. ప్రమాదకరమైన చెట్ల విషయంలో యజమానికి నోటీసు ఇచ్చి చర్య తీసుకునే అధికారం పురపాలక చట్టంలో ఉంది. అనుమతి వచ్చేలోపు వసారా కింద, గోడ పక్కన ఎవరూ పడుకోకుండా, వాహనాలు నిలపకుండా చూడమని పక్కింటివారికి రాతపూర్వకంగా చెప్పండి.

కరెంటు తీగల మీదకు వంగిన కొమ్మను మాత్రం మీ కూలీలతో ముట్టించవద్దు. నెల్లూరు జిల్లాలో విద్యుత్ పంపిణీ ఏపీఎస్పీడీసీఎల్ సంస్థది; 1912కు ఫోను చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి, స్థానిక సెక్షను కార్యాలయంలో రాతపూర్వకంగా కూడా ఇవ్వండి. లైన్‌మన్ సరఫరా ఆపి ఎల్సీ (లైన్ క్లియర్, అంటే తీగలో కరెంటు ఆపారన్న అధికారిక అనుమతి) తీసుకున్నాకే ఎవరైనా ఆ కొమ్మ ఎక్కాలి. 2003 విద్యుత్ చట్టం 68వ సెక్షను ప్రకారం తీగలకు అడ్డం వచ్చే చెట్టును సంస్థ దరఖాస్తు మీద మేజిస్ట్రేటు తొలగించవచ్చు. తీగలు వేయకముందే అక్కడ చెట్టు ఉండి ఉంటే యజమానికి పరిహారం కూడా ఇప్పించవచ్చు. మీ చెట్టు ఆ స్తంభాలకన్నా పాతదని ఇంటి పాత ఫోటోలు చూపగలిగితే ఆ సంగతి దరఖాస్తులో రాయండి.

చివరిగా నోటీసు. పోయిన నెల వచ్చిందన్నారు కనుక గడువు దాటిపోయి ఉంటుంది. అయినా ఇప్పుడే జవాబు ఇవ్వండి. జవాబు ఇవ్వనంత మాత్రాన ఆరోపణలన్నీ ఒప్పుకున్నట్టు కాదు, కానీ మౌనాన్ని కోర్టు నిర్లక్ష్యంగా భావించే అవకాశం ఉంది. జవాబులో కోపం వద్దు, చెట్టుకు ఏ లోపమూ లేదన్న అబద్ధమూ వద్దు. చెట్టు స్థితి మా దృష్టిలో ఉందనీ, ఫలానా తేదీన అటవీ శాఖకు, ఫలానా తేదీన మున్సిపాలిటీకి, విద్యుత్ సంస్థకు దరఖాస్తు ఇచ్చామనీ, అనుమతి రాగానే పని చేయిస్తామనీ, ఈలోపు మా దొడ్లోకి ఎవరూ ప్రవేశించి చెట్టును నరకరాదనీ రాస్తే చాలు. అంతకుముందు అమ్మగారి సంతకంతో, అన్నయ్య సమ్మతితో ఒక కాగితం సిద్ధం చేసుకోండి. అన్నయ్య వాట్సాప్‌లో సరేనంటే ఆ సందేశాన్ని తొలగించకుండా ఉంచండి. 2023 భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను ప్రకారం ధ్రువపత్రంతో దానిని కోర్టులో దాఖలు చేయవచ్చు. జవాబును స్పీడు పోస్టులో పంపి, రసీదును, అది అందిన వివరాన్ని ఈ దరఖాస్తుల ప్రతులతో కలిపి ఒకే ఫైలులో పెట్టుకోండి. దరఖాస్తులు మూడూ ఈ వారమే ఇవ్వండి, ఈశాన్య రుతుపవనాలు వచ్చేదాకా ఆగవద్దు.