వీధులకు అక్కడివాళ్ల పేర్లు ఎవరు పెడతారు? మా బందరు సంగతి

చిన్న ఊళ్లలో వీధులకు అక్కడ ఉండేవాళ్ల పేర్లు ఎలా వస్తాయి, మునిసిపాలిటీ పెడుతుందా, జనమే పెట్టుకుంటారా అని ఒకరు అడిగారు. మాది మచిలీపట్నం, మేమనే మాటలో బందరు. నేను పుట్టి పెరిగింది అక్కడే, అమ్మావాళ్లు ఇప్పటికీ అక్కడే ఉంటున్నారు. మా ఊరి పేర్లు చూశాక నాకు తోచింది ఇది: జనం నోట్లో నిలిచిపోయే పేరును మునిసిపాలిటీ పెట్టదు, ఆ వీధిలో కాపురం ఉన్నవాళ్లూ పెట్టుకోరు. ఆ వీధికి పనిబడి వచ్చేవాళ్లు పెడతారు. పాలవాడు, పోస్ట్‌మన్, రిక్షా అతను, శుభలేఖలు పట్టుకుని తిరిగే చుట్టాలు. వాళ్లకు కావలసింది ఎవరినో గౌరవించడం కాదు, ఇల్లు దొరకడం.

దీనికి మా ఊళ్లో పాత సాక్ష్యాలే ఉన్నాయి. డచ్చివాళ్లు 1605లో, ఇంగ్లీషువాళ్లు 1611లో, ఫ్రెంచివాళ్లు 1669లో బందరు వచ్చి వ్యాపారం పెట్టుకున్నారు. ఆ రోజుల్లో ఇది గోల్కొండ సుల్తానుల రేవు. ఆ మూడు దేశాలవాళ్ల గుర్తుగా వలందపాలెం, ఇంగ్లీషుపాలెం, ఫరాసుపేట ఇప్పటికీ ఉన్నాయి. హాలండు నుంచి వచ్చినవాళ్లను మనవాళ్లు వలందులు అన్నారు, ఫ్రెంచివాళ్లను పరాసులు అన్నారు. ఏ డచ్చివాడూ తనను తాను వలందు అని పిలుచుకుని ఉండడు కదా. అది వాళ్లకు అద్దకం బట్టలు అమ్మినవాళ్ల మాట, మూటలు మోసినవాళ్ల మాట.

ఫరాసుపేటది మరీ తమాషా కథ. 1759లో ఇంగ్లీషువాళ్లు బందరు కోటను ఫ్రెంచివాళ్ల చేతిలోంచి లాక్కున్నారు. అయినా ఊళ్లో చిన్న ముక్క ఒకటి మాత్రం ఫ్రెంచివాళ్ల పేరు మీదే ఉండిపోయింది. మనకు స్వాతంత్ర్యం వచ్చాక, 1947 అక్టోబరులో గానీ అది ఇండియాలో కలవలేదు. ఇంగ్లీషు దొరలు అంతకాలం ఊరిని ఏలినా ఆ పేట పేరు మార్చే అవసరం ఎవరికీ రాలేదు.

1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెన గురించి బందరులో తెలియనివాళ్లు ఉండరు. సముద్రం ఊరి మీదికి వచ్చి దాదాపు 30 వేల మందిని పొట్టన పెట్టుకుంది. ఇళ్లు పోయాయి, మనుషులు పోయారు. పేటల పేర్లు మాత్రం పోలేదు. బతికి బయటపడ్డవాళ్లు, తర్వాత వచ్చి చేరినవాళ్లు, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు అదే పేరుతో అడుగుతూ వచ్చారు.

ఇంక మనుషుల పేర్ల దగ్గరికి వద్దాం. రాబర్ట్‌సన్‌పేట, ఖాలేఖాన్‌పేట లాంటివి పెద్దవాళ్ల పేర్లు, చరిత్రలోకి ఎక్కినవి. నాకు ఎక్కువ ఇష్టం చరిత్రలోకి ఎక్కని సందులే. మా ఇల్లున్న సందును అందరూ డాక్టరుగారి సందు అంటారు. ఆ డాక్టరుగారిని నా చిన్నప్పుడు చూశాను. వీధి అరుగు మీద చెక్క బెంచీ, లోపల కాంపౌండరు, అతని బల్ల మీద ఎర్రమందు సీసాలు. సీసాకు అంటించిన కాగితాన్ని పక్కల మెట్లు మెట్లుగా కత్తిరించేవాళ్లు, ఒక్కో మెట్టు ఒక్కో మోతాదు. పల్లెల నుంచి బళ్లు కట్టుకుని వచ్చేవాళ్లు. పెదపట్నం వైపు నుంచి వచ్చేవాళ్లకు మా వీధి అసలు పేరుతో పనేముంది? "డాక్టరుగారి సందు ఎటు?" అని అడిగితే చాలు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. పిల్లలు అమెరికాలో స్థిరపడ్డారు, ఇల్లు అమ్మేశారు, ఇప్పుడక్కడ నాలుగంతస్తుల అపార్ట్‌మెంటు ఉంది. సందు మాత్రం డాక్టరుగారిదే. మొన్నామధ్య ఆన్‌లైన్‌లో మిక్సీ తెప్పిస్తే డెలివరీ కుర్రాడు ఫోన్ చేశాడు. వాడి ఫోన్లో మ్యాప్ ఉంది, మా పూర్తి అడ్రసు ఉంది. అయినా అడిగింది, "డాక్టరుగారి సందేనా అండీ?" అని. వాడు పుట్టేనాటికే ఆయన లేరు.

తమాషా ఏమిటంటే మా సందులో ఉండేవాళ్లు మాత్రం ఆ పేరు వాడరు. మాకు అది "మన సందు" అంతే. రెండు వీధుల అవతలికి వెళితేనే దానికి పేరు వస్తుంది.

ఇదంతా కాగితాల మీదా కనిపిస్తుంది. మా తాతగారి కాలం నాటి ఇంటి దస్తావేజు మా బీరువాలో ఉంది. అందులో నాలుగు హద్దులు రాసిన చోట తూర్పున ఫలానావారి పెంకుటిల్లు, దక్షిణాన రాజవీధి, పడమర వకీలుగారి దొడ్డి గోడ, ఉత్తరాన ఫలానావారి ఖాళీ జాగా అని ఉంటుంది. స్థలం ఎక్కడుందో చెప్పడానికి పక్కనున్న మనుషులే ఆధారం. తర్వాత దాన్ని పంచుకున్నప్పుడు రాసిన కాగితంలో కూడా రాతగాడు అవే మాటలు దించేశాడు. అప్పటికి వకీలుగారు లేరు, దొడ్డి లేదు, గోడ మాత్రం సగం ఉంది. పాత పట్టణాల్లో ఇంటిపేరు పక్కన "వారి వీధి" చేరిన పేర్లు బోలెడు. అవి ఇంతకాలం నిలవడానికి నోటిమాట ఎంత కారణమో, రిజిస్ట్రారాఫీసు బయట చెట్టు కింద కూర్చునే దస్తావేజు లేఖరులు అంతే కారణం అని నా అనుమానం.

ఒకటి గమనించండి. "వారి వీధి"లో ఉండేది ఎప్పుడూ మగవాళ్ల వైపు ఇంటిపేరే. ఆడవాళ్ల పేరు మీద సందు ఉంటే దాని తీరు వేరు. మా స్కూలు వెనకాల ఒక సందును మేమంతా అట్లమామ్మ సందు అనేవాళ్లం. ఆవిడ పొద్దున్నే గడపలో పొయ్యి పెట్టుకుని మినపట్లు పోసేది. పెనం మీద సగం కోసిన ఉల్లిపాయతో నూనె రుద్దేది. రూపాయికి ఎన్ని ఇచ్చేదో గుర్తులేదు గానీ పచ్చడి మాత్రం అడిగినంత వేసేది. ఆవిడ అసలు పేరు ఊళ్లో ఎవరికీ తెలియదు. డాక్టరుగారికి ఆయన చదువు పేరైంది, ఈవిడకు అట్లు పేరయ్యాయి. సందు ఇద్దరికీ దక్కింది, అంతవరకు సంతోషం.

మరో సంగతి దాచడం నాకిష్టం లేదు. పాత ఊళ్లలో మనుషుల పేర్ల కంటే కులాల పేర్లతో ఉన్న వీధులే ఎక్కువ. సాలెవీధి, కుమ్మరివీధి, బ్రాహ్మణవీధి, ఊరికి దూరంగా ఉన్న పేటల పేర్లు. అవీ అక్కడ ఉండేవాళ్ల పేర్లే, అవీ బయటివాళ్లు పిలిచినవే. కాకపోతే అక్కడ ఒక మనిషికి గుర్తింపు దక్కలేదు, అందరినీ ఒకే గాటన కట్టేశారు. అలాంటి పేరున్న చోట పుట్టినవాళ్లు అడ్రసు చెప్పడానికి ఇబ్బంది పడటం నేను చూశాను. మహారాష్ట్ర ప్రభుత్వం 2020 డిసెంబరులో కులం పేర్లున్న వాడల పేర్లు మార్చాలని నిర్ణయం తీసుకుంది. అలాంటి చోట మార్చడమే న్యాయం, "పాత పేరు ముద్దు" అని నేను వాదించను.

ఇక మునిసిపాలిటీ. కౌన్సిల్లో తీర్మానం చేసి వీధికి పేరు పెట్టవచ్చు, నీలం బోర్డు పాతవచ్చు. మా వైపు అలా పాతిన బోర్డుల మీద కోచింగ్ సెంటర్ పోస్టర్లు తప్ప ఏమీ కనిపించవు. విజయవాడలో మా ఊరివైపు వచ్చే పెద్ద రోడ్డుకు మహాత్మాగాంధీ రోడ్డు అని పేరు పెట్టి ఎంతకాలమైందో! అయినా ఆటో ఎక్కి బందరు రోడ్డు అనే అంటాం. గుంటూరులో బ్రాడీపేట, అరండల్‌పేట తెల్లదొరల పేర్లు. ఆ దొరలెవరో అక్కడివాళ్లకు పట్టదు, వాళ్లకు కావలసింది "బ్రాడీపేట 4/14", అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. అదే ఊళ్లో శంకర్‌విలాస్ సెంటర్‌కు పేరు ఒక హోటల్ నుంచి వచ్చింది. మా బందరులోనే పుట్టిన ఆంధ్రా బ్యాంకును చూడండి. 1923లో పట్టాభి సీతారామయ్యగారు పెట్టారు, 2020 ఏప్రిల్‌లో యూనియన్ బ్యాంకులో కలిపేశారు. బోర్డు మారింది. దారి చెప్పేటప్పుడు మా నాన్న నేటికీ "ఆంధ్రా బ్యాంకు దగ్గర తిరుగు" అంటారు, ఎదుటివాడు తిరుగుతాడు కూడా.

మీ వీధి పేరు ఎలా వచ్చిందో తెలుసుకోవాలంటే వీధిలో ఉండేవాళ్లను అడిగితే లాభం తక్కువ, తలా ఒక కథ చెబుతారు. మొదట ఇంట్లో ఉన్న అన్నిటికంటే పాత దస్తావేజు తీసి హద్దులు చదవండి. మీ దగ్గర లేకపోతే సబ్ రిజిస్ట్రారాఫీసులో సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు, మరీ పాతవైతే చేతిరాత చదివిపెట్టే లేఖరి ఎవరైనా కావాలి. తర్వాత రిటైరైన పోస్ట్‌మన్ ఎవరైనా ఉంటే వెతికి పట్టుకోండి. డోరు నంబర్లు మారకముందు ఉత్తరాలు ఎలా పంచాడో అడగండి. ఒక్కో ఇంటికి పేరుతో సహా చెబుతాడు, టీ తాగేంత తీరిక పెట్టుకుని వెళ్లండి.