మరిగే నీళ్లలో బుడగలు ఎక్కడివి?

ప్రశ్న: నీరు అంటే హైడ్రోజన్, ఆక్సిజన్ల కలయిక కదా! మరిగేటప్పుడు లేచే బుడగల్లో ఉండేవి ఆ రెండు వాయువులేనా?
– ఇంటర్ విద్యార్థిని, నంద్యాల

జవాబు: కాదు. చాలామంది తడబడేది ఇక్కడే, కాబట్టి కాస్త వివరంగా చూద్దాం. గిన్నె వేడెక్కుతుండగా అడుగున, అంచుల్లో పుట్టే చిన్న బుడగలు నీళ్లలో కరిగి ఉన్న గాలి. ఒకసారి బాగా మరిగించి, మూతపెట్టి చల్లార్చిన నీళ్లను మళ్లీ కాచి చూడండి, అవి దాదాపు కనిపించవు. తెర్లేటప్పుడు వచ్చే పెద్ద బుడగల్లో ఉండేది నీటి ఆవిరి, అంటే చెక్కుచెదరని నీటి అణువులే.

అణువు లోపల ఆక్సిజన్‌ను హైడ్రోజన్లతో కలిపి ఉంచేది సమయోజనీయ బంధం. ఒక అణువును పక్క అణువు దగ్గర పట్టి ఉంచేది ప్రధానంగా హైడ్రోజన్ బంధం. మరిగితే తెగేది ఈ రెండోదే. 100 డిగ్రీల దగ్గర 18 గ్రాముల నీటిని ఆవిరి చేయడానికి సుమారు 41 కిలోజౌళ్లు చాలు. అంతే నీటిలోని సమయోజనీయ బంధాలన్నీ తెంచాలంటే 920 కిలోజౌళ్ల పైనే కావాలి. పొయ్యి మంట మీద అది జరిగే పని కాదు.

హైడ్రోజన్, ఆక్సిజన్లను విడదీసి చూడాలంటే విద్యుత్తు వాడండి. గ్లాసు నీళ్లలో చెంచా వంట సోడా కలిపి, రెండు చివర్లా చెక్కిన రెండు పెన్సిళ్లు ఒకదానికొకటి తగలకుండా ముంచి, పై ములుకులకు 9 వోల్టుల బ్యాటరీ తీగలు తగిలించండి. ఉప్పు మాత్రం వేయకండి, విషవాయువైన క్లోరిన్ వస్తుంది. దగ్గర్లో మంట ఉండకూడదు. రుణధ్రువం దగ్గర హైడ్రోజన్, ధనధ్రువం దగ్గర ఆక్సిజన్ వస్తాయి. వాయువులను కొలిస్తే లెక్క సరిగ్గా 2:1 రాకపోవచ్చు. ఆక్సిజన్ కొంత నీటిలో కరుగుతుంది, కొంత పెన్సిల్ ములుకులోని కార్బన్‌తో కలిసిపోతుంది.

ప్రశ్న: పెనం మీద చక్కెర కరిగి పాకమవుతుంది, ఉప్పు ఎంతసేపున్నా కరగదు. పైగా చిటపటలాడుతుంది. ఎందుకు?
– గృహిణి, ఖమ్మం

జవాబు: చక్కెరలో అణువులుంటాయి. వాటి మధ్య పట్టు తక్కువ కాబట్టి 186 డిగ్రీల ప్రాంతంలో కరుగుతుంది. ఆ వేడికి అణువులు కూడా విరగడం మొదలవుతుంది, అందుకే రంగు తిరిగి మాడు వాసన వస్తుంది. ఉప్పులో అసలు అణువులే లేవు. ఉండేవి అయాన్లు, అంటే విద్యుదావేశమున్న పరమాణువులు. ప్రతి సోడియం అయాన్ చుట్టూ ఆరు క్లోరైడ్ అయాన్లు, ప్రతి క్లోరైడ్ చుట్టూ ఆరు సోడియం అయాన్లు, స్ఫటికం పొడవునా ఇదే వరుస. ఆ కట్టు సడలాలంటే 801 డిగ్రీలు కావాలి. చిటపటలకు కారణం స్ఫటికాల లోపల చిక్కుకున్న నీటి చుక్కలు. అవి ఆవిరై స్ఫటికాన్ని పగలగొడతాయి.

అంత గట్టి ఉప్పు నీళ్లలో ఇట్టే ఎలా కరుగుతుందని అడగవచ్చు. నీటి అణువులు ప్రతి అయాన్ చుట్టూ చేరి దాన్ని స్ఫటికం నుంచి లాగేస్తాయి. అలా విడిపోయిన అయాన్ల వల్లే ఉప్పు నీళ్లు కరెంటును మోస్తాయి. చక్కెర నీళ్లలో అయాన్లు లేవు, కాబట్టి అవి మోయవు.

ప్రశ్న: మూడో కర్పరంలో 18 ఎలక్ట్రాన్లకు చోటుంది. అయినా పొటాషియం 19వ ఎలక్ట్రాన్ నాలుగో దాంట్లోకి ఎందుకు పోతుంది?
– పదో తరగతి విద్యార్థి, తుని

జవాబు: కేంద్రకం చుట్టూ ఎలక్ట్రాన్లు ఉండే పొరే కర్పరం. అందులో ఎస్, పి, డి లాంటి ఉపకర్పరాలుంటాయి. పొటాషియం మూడో కర్పరంలో మిగిలిన ఖాళీ డి, అంటే 3డి. నాలుగో దాంట్లోని ఎస్ పేరు 4ఎస్. 4ఎస్ ఎలక్ట్రాన్ కేంద్రకం దాకా చొచ్చుకెళ్లగలదు. 3డి ఎలక్ట్రాన్ అలా వెళ్లలేదు, లోపలి 18 ఎలక్ట్రాన్లు దానికి అడ్డుపడతాయి. కాబట్టి పొటాషియంలో 4ఎస్ శక్తి తక్కువ. ఎలక్ట్రాన్లు పోయేటప్పుడు మాత్రం ముందు 4ఎస్ నుంచే పోతాయి. ఇనుము 3డి6 4ఎస్2 (చివరి అంకె అందులోని ఎలక్ట్రాన్ల సంఖ్య) అయితే, రెండు ధనావేశాలున్న దాని అయాన్ 3డి6. పరీక్షలో 3డి4 4ఎస్2 అని రాసి మార్కులు పోగొట్టుకోకండి.