అన్నీ చేసే రోబోనా, ఒక్క పని చేసే రోబోనా?

ప్రశ్న: మేడమ్, మేము నల్లగొండలో ఇంటర్ ఫస్టియర్ చదువుతున్నాం. ఆరుగురం కలిసి ఫస్ట్ టెక్ చాలెంజ్ రోబో పోటీకి తయారవుతున్నాం. ప్రాక్టీసు కోసం 2024–25 సీజన్ ఆట ‘ఇన్‌టు ది డీప్’ తీసుకున్నాం. మాలో ముగ్గురేమో బుట్టల్లో వేయడం, కడ్డీకి తగిలించడం, చివర్లో పైకెక్కడం అన్నీ చేసే రోబో కావాలంటున్నారు. మిగతా ముగ్గురం బుట్టలు చాలంటున్నాం. చక్రాల దగ్గరా గొడవే: పక్కకు కూడా జరగగల మెకానమ్ చక్రాలు పెట్టాలా, మామూలువి పెట్టాలా? డ్రైవర్ ఎవరన్నది ఇంకో టెన్షన్. మీరే తేల్చండి.
– ఒక విద్యార్థిని, నల్లగొండ

జవాబు: ముగ్గురూ ముగ్గురూ అయ్యాక ఇక ఓట్లతో తేలదు తల్లీ, లెక్క వేద్దాం.

ఆట తెలియని పాఠకులకు రెండు మాటలు. 12 అడుగుల చదరపు బరి, ఒక్కో వైపు రెండేసి జట్లు, జట్టుకో రోబో. మొదటి 30 సెకన్లు రోబో తనంతట తానే నడవాలి. తర్వాత 2 నిమిషాలు పిల్లలు నడుపుతారు. మధ్యలో ఉన్న చట్రంలో మూడున్నర అంగుళాల పొడవు ప్లాస్టిక్ బ్లాకులు పడి ఉంటాయి. పిల్లలు నడిపేటప్పుడు బ్లాకును పై బుట్టలో వేస్తే 8 పాయింట్లు, క్లిప్పు పెట్టి చట్రానికున్న పైకడ్డీకి తగిలిస్తే 10.

10 పెద్దదే, కానీ అది రెండు సార్లు తిరిగే పని. మీ రంగు బ్లాకునే వెతికి మూలకు తేవాలి, అక్కడ మీ వైపు మనిషి క్లిప్పు పెట్టాలి, దాన్ని మళ్లీ అందుకుని వచ్చి తగిలించాలి. బుట్టకు 12 సెకన్లు, కడ్డీకి 18 పట్టాయనుకోండి. రెండు నిమిషాల్లో బుట్టలో 10 పడతాయి, 80 పాయింట్లు. కడ్డీకి తగిలేవి 6, అంటే 60. కడ్డీ పని 15 సెకన్లకు దిగితేనే రెండూ సమానం. కొత్త జట్టుకు అంత తొందరగా దిగుతుందని నాకు నమ్మకం లేదు. పైగా పసుపు బ్లాకులను ఎవరైనా బుట్టలో వేసుకోవచ్చు, క్లిప్పుకు మాత్రం సొంత రంగే కావాలి.

ఇక ఆట చివర్లో చట్రాన్ని పట్టుకుని పైకెక్కడం. రెండో లెవెల్‌కు 15, మూడో లెవెల్‌కు 30. ముప్పై అనగానే నోరూరుతుంది, నిజమే. కానీ రెండుసార్లకు ఒకసారి జారి కింద పడే రోబోకు సగటున దక్కేది 15. దాని కోసం నెల రోజులు ఎందుకు? మోటార్లు కూడా 8కి మించకూడదు. చక్రాలకు 4, ఒకదాన్లోంచి ఒకటి జారుతూ పైకి సాగే నిలువు స్లయిడ్‌కు 2, ముందుకు చాచే చేతికి 1 పోతే మిగిలేది ఒక్కటే. దాన్ని రెండో లెవెల్ హుక్‌కు ఇవ్వండి.

అందుకే నా ఓటు బుట్టలకే. ఇంకో సంగతి: ఫైనల్ రౌండ్ల కోసం, పట్టికలో పైనున్న జట్లు తమ తోడు జట్టును ఏరుకుంటాయి. కడ్డీ పని బాగా చేసే జట్టు వెతికేది తడబడకుండా బుట్ట నింపే రోబో కోసం. అన్నీ అరకొరగా చేసే రోబోను పిలవడానికి ఎవరూ తొందరపడరు.

మీ అసలు కష్టం స్లయిడ్ దగ్గర మొదలవుతుంది. పై బుట్ట 43 అంగుళాల ఎత్తున ఉంటుంది, మీ రోబోనేమో మొదట్లో 18 అంగుళాల డబ్బాలో పట్టాలి. స్లయిడ్‌ను మోటారు దారంతో లాగుతుంది. పైకి లేచేటప్పుడు ఆ దారం బిగువుగానే ఉంటుంది, చిక్కంతా దిగేటప్పుడే. మోటారు దారం వదులుతూ ఉంటుంది, స్లయిడ్ ఎక్కడో పట్టేసి ఆగుతుంది, బొక్కెన నీళ్లకు తగలగానే చేదతాడు వదులైనట్టు దారం జారి గిరక అంచు దాటి ఇరుసుకు చుట్టుకుంటుంది. ఇక ఆ మ్యాచ్ అయిపోయినట్టే. కిందికి లాగడానికి ఇంకో దారం కట్టండి, అదే ఇరుసు మీద ఎదురు చుట్టుగా. పాలమూరులో నా దగ్గరికి పిల్లలు తెచ్చే రోబోలను ముందు పైకెత్తించి, దిగేటప్పుడు దారం మీద వేలు ఆనించి చూస్తాను. వేలి కింద దారం మెత్తబడిందా, స్లయిడ్ విప్పించేస్తాను.

బ్లాకు పట్టడానికి గోళ్లలాంటి పట్టుకారు కంటే తిరిగే రోలర్లు నయం. చట్రంలో బ్లాకులు అడ్డదిడ్డంగా పడి ఉంటాయి, పట్టుకారుకు కోణం సరిగ్గా కుదరాలి.

చక్రాలు మెకానమ్‌వే పెట్టండి. అందరూ పెడుతున్నారని చెప్పట్లేదు. చట్రం ముందు నిలబడి కుడికో ఎడమకో జరుపుకోవడమే ఈ ఆటలో సగం పని, వాటి 45 డిగ్రీల రోలర్లు చేసిపెట్టేది అదే. అయితే నాలుగు చక్రాలూ నేలకు సమానంగా ఆనాలి. ఒక్కో చక్రం కింద కాగితం దూర్చి లాగండి. తేలిగ్గా వచ్చేసిందంటే ఫ్రేము మెలి తిరిగినట్టు, ఆ రోబో పక్కకు పొమ్మంటే ఏటవాలుగా పోతుంది. మీ కాలేజీలో షాబాద్ బండలే అయితే వాటి మీద కొలిచిన దూరాలు నమ్మకండి, పోటీలో ఉండేది మెత్తటి ఫోమ్ పలకలు. క్లాక్ టవర్ దగ్గర షాపుల్లో చిన్నపిల్లలు ఆడుకునే ఫోమ్ మ్యాట్లు దొరుకుతాయేమో చూడండి. అచ్చం అవే కాకపోయినా బండల కంటే ఎంతో మేలు.

డ్రైవర్ల సంగతి. ఇద్దరు నడపొచ్చు, ఒకరు చక్రాలు, ఒకరు స్లయిడ్. టీమ్ లీడరే నడపాలన్న రూల్ ఎక్కడా లేదు. అందరితోనూ పదేసి బుట్టలు వేయించి టైమ్ రాయండి. ఒకసారి 9 సెకన్లు, ఇంకోసారి 20 పట్టే వాళ్ల కంటే ప్రతిసారీ 13లో వేసే వాళ్లు కావాలి. ఆ కాగితం నాకూ పంపండి. అందరిదీ 12 లోపుంటే, ఆ ముగ్గురు అడుగుతున్న కడ్డీ గురించి వచ్చే సంచికలో మాట్లాడుకుందాం.