డెన్వర్ పెరట్లో కొలరాడో కొలంబైన్ బతుకుతుందా?

కొండ ట్రయిల్ మీద చూసిన నీలం-తెలుపు కొలంబైన్ పూల మొక్క డెన్వర్ దగ్గర ఇంట్లో పెరుగుతుందా, నర్సరీ నుంచి తెచ్చి పెడితే జూలైకల్లా ఎందుకు మాడిపోయింది అని అడిగారు. పెరుగుతుందండీ. మాది డెన్వర్ పక్కనే ఉన్న ఆరోరా, నేల అంతా బంకమట్టి. అయినా ఏటా మే చివర్లో పూస్తుంది.

మీరు పడమటి గోడ పక్కన పెట్టామన్నారు చూడండి, తేడా అక్కడే వచ్చింది. కొండల్లో ఇది సుమారు 6,000 నుంచి 12,000 అడుగుల ఎత్తు దాకా ఉంటుంది. ఆస్పెన్ చెట్ల నీడలోనో, రాళ్ల సందుల్లోనో పెరుగుతుంది. దానికి చలి ఒక లెక్క కాదు. చంపేది మన దగ్గర మధ్యాహ్నం ఎండ, దానికి తోడు గోడ వేడి. తూర్పు వైపుకి మార్చండి. పొద్దుటి ఎండ తగిలి, భోజనాల వేళ నుంచి నీడ ఉంటే చాలు.

ఇక మట్టి. బంకనేలలో గుంట తీసి అందులో మాత్రమే మంచి మట్టి నింపకండి, ఆ గుంట గిన్నెలాగా నీళ్లు పట్టి ఉంచుతుంది, వేరు కుళ్లిపోతుంది. దానికి బదులు మడిని కాస్త ఎత్తు చేసి, మట్టిలో సన్న కంకర కలపండి. మొక్క మొదట్లో చెక్కపొట్టు కాకుండా గులకరాళ్లు పరవండి. ఎరువు జోలికి పోవద్దు. బలం ఎక్కువైతే ఆకు ఏపుగా వచ్చి కాడలు వాలిపోతాయి. లాన్ స్ప్రింక్లర్ రోజూ తడిపే చోటు కూడా వద్దు. నీళ్లు అప్పుడప్పుడే పోసినా లోతుగా దిగాలి. చలికాలంలో మంచు పడకుండా వారాలు గడిచిపోతే, 40 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన రోజు చూసి మధ్యాహ్నం ఒకసారి తడపండి. ఇక్కడ చాలా మొక్కలు చలికి కాదు, చలికాలపు పొడికి పోతాయి.

ఆకుల మీద తెల్లటి వంకర గీతలు కనిపిస్తే టెన్షన్ పడకండి. మన టమాటాకి వచ్చే పాముపొడ లాంటిదే. ఆ ఆకులు తుంచి పారేస్తే సరి, మందు అక్కర్లేదు.

అసలు సంగతి ఏమిటంటే ఒక్కో మొక్క బతికేది మూడు నాలుగేళ్లే. అందుకని నేను మొక్కని కాదు, విత్తనాన్ని నమ్ముకుంటాను. కాయలు ఎండి నోళ్లు విప్పాక నల్లటి గింజలు రాలతాయి. అక్టోబరు, నవంబరుల్లో వాటిని మట్టి మీద చల్లి, పైన కప్పకుండా వదిలేయండి. మొలవాలంటే వాటికి వెలుతురు కావాలి, కొన్ని వారాల చలీ కావాలి. ఆ పని మంచు చూసుకుంటుంది. మొదటి ఏడాది ఆకులే, పువ్వు రెండో ఏడాది. గింజలు విషం, పిల్లలుంటే జాగ్రత్త. దగ్గర్లో వేరే రంగు కొలంబైన్‌లు ఉంటే ఇట్టే కలిసిపోతాయి, తర్వాతి తరానికి ఆ నీలం ఉండదు.

కొండ మీంచే ఒకటి తవ్వి తెచ్చుకుంటే ఏమవుతుంది అన్నారు. వద్దు. ఇది 1899 నుంచి రాష్ట్ర పుష్పం, ప్రభుత్వ భూముల్లో వేళ్లతో పెకలించడం 1925 చట్టం ప్రకారం నేరం. తెచ్చినా నిలవదు, తల్లివేరు లోతుగా దిగి ఉంటుంది, తెగితే కోలుకోవడం కష్టం. నర్సరీలో స్థానిక మొక్కల వరసలో చిన్న కుండీలోది తీసుకోండి. లేబుల్ మీద దీని శాస్త్రీయ నామం ‘ఆక్విలేజియా సెరూలియా’ అని ఉందో లేదో చూడండి. మెకానా లాంటి సంకర రకాలు పెద్దగానే పూస్తాయి గానీ, మీరు కొండ మీద చూసిన పువ్వు అది కాదు.