నార్త్‌కి వెళ్లిన జిఫీ

రగ్బీ యూనియన్‌లో అంత పేరు తెచ్చుకున్న వేల్స్ ఆటగాడు జొనాథన్ డేవిస్, రగ్బీలోనే రెండో రకమైన లీగ్‌కి ఎందుకు మారాడు, దానికి వేల్స్‌వాళ్లు అంతగా ఎందుకు బాధపడ్డారు అని అడిగారు.

కార్డిఫ్‌లో ఎమ్మెస్ చేస్తున్నప్పుడు ఒక కేర్ హోమ్‌లో రాత్రి డ్యూటీకి వెళ్లేదాన్ని. అక్కడ నీత్ ఊరి పెద్దాయన ఒకరు ఉండేవారు. నాకు రగ్బీ వంటబట్టిందంటే ఆయన చలవే. ఒకసారి ఆయన నిట్టూర్చి "జిఫీ నార్త్‌కి వెళ్లిపోయాడు" అంటే, ఎవరో పోయారనుకుని ఓదార్చబోయాను. (యముడిది దక్షిణ దిక్కు కదా అని తర్వాత తట్టింది.) జిఫీ అంటే డేవిస్ ముద్దుపేరు. నార్త్ అంటే ఉత్తర ఇంగ్లండ్‌లోని లీగ్ క్లబ్బులు.

అసలు పేచీ డబ్బు దగ్గరే. ఆట కోసం పని మానుకున్న కూలీలకు పోయిన జీతం ఇవ్వాలని ఉత్తరాది క్లబ్బులు అడిగాయి, పెద్దలు కుదరదన్నారు. దాంతో 1895లో ఆట రెండుగా చీలింది. ఆ తర్వాత వందేళ్లు, 1995 దాకా, యూనియన్‌లో ఆటకు జీతం లేదు. లీగ్‌లో డబ్బు పుచ్చుకున్నవాడికి తిరిగి వచ్చే దారీ లేదు. మన ఊళ్లలో కులం నుంచి వెలేసేవారే, దాదాపు అలాగన్నమాట.

డేవిస్‌ది వేల్స్‌లో ట్రిమ్‌సరన్ అనే బొగ్గుగనుల ఊరు, పేరు తెచ్చుకున్నది మాత్రం నీత్ క్లబ్బుకి ఆడి. 1985లో ఇంగ్లండ్ మీద వేల్స్ తరఫున మొదటి మ్యాచ్, 1988లో ట్రిపుల్ క్రౌన్ (ఒకే సీజన్‌లో ఇంగ్లండ్, స్కాట్లండ్, ఐర్లండ్ మూడింటినీ ఓడించడం). అదే ఏడాది న్యూజిలాండ్ వెళ్లి 52-3, 54-9 స్కోర్లతో రెండు టెస్టులూ ఓడారు. డిసెంబరులో, అదీ సొంతగడ్డ కార్డిఫ్‌లో, రొమేనియా చేతిలో కూడా ఓడారు. అప్పుడు కెప్టెన్ డేవిసే. నెల తిరక్కుండానే, 1989 జనవరిలో, విడ్నెస్ అనే లీగ్ క్లబ్బుతో సంతకం చేశాడు. రెండు లక్షల పౌండ్ల పైమాటే అన్నారు. నన్నడిగితే డబ్బు సగం కారణం, ఆ ఓటములు మిగతా సగం.

పేరున్నవాడు కదా, అక్కడా సులువుగా నెగ్గుకొచ్చి ఉంటాడనుకుంటాం. కానీ లీగ్‌లో పదిహేను మంది కాదు, పదమూడు మందే. ఆరు ట్యాకిళ్లలోపు (బంతి ఉన్నవాణ్ణి పట్టి పడేయడమే ట్యాకిల్) పని కానివ్వాలి, లేకపోతే బంతి అవతలివాళ్లది. యూనియన్‌లో పదో నంబర్ ఆటగాడిగా వెనకాల నిలబడి బంతి తన్నే మనిషి ఇక్కడ దెబ్బలు తింటూ, వరసపెట్టి ట్యాకిల్ చేస్తూనే ఉండాలి. సన్నటి మనిషి, కండ పెంచుకోవాల్సి వచ్చింది. అయినా అదే ఏడాది ఆస్ట్రేలియా క్లబ్బు కాన్‌బెరాని ఓడించి ప్రపంచ క్లబ్ టైటిల్ గెలిచిన విడ్నెస్ జట్టులో ఉన్నాడు. తర్వాత వారింగ్టన్ క్లబ్బుకి మారి, 1994లో 'మ్యాన్ ఆఫ్ స్టీల్' (లీగ్‌లో ఆ ఏటి మేటి ఆటగాడి అవార్డు) అయ్యాడు.

మీరు ఒక్క మ్యాచే చూడగలిగితే 1994 అక్టోబరులో వెంబ్లీలో ఆస్ట్రేలియాతో జరిగింది చూడండి. బ్రిటన్ ఆటగాడు షాన్ ఎడ్వర్డ్స్‌ని రిఫరీ మైదానం నుంచి పంపేయడంతో బ్రిటన్ పన్నెండు మందితో మిగిలింది. డేవిస్ ఒక సందు చూసుకుని దూరి, బయటివైపుగా మూలకి పరిగెత్తి ట్రై వేశాడు (అవతలివాళ్ల గీత దాటి బంతిని నేలకి ఆనించడమే ట్రై). 8-4తో గెలిచారు.

1995లో యూనియన్‌లోనూ జీతాలు మొదలయ్యాయి, కార్డిఫ్‌కి తిరిగొచ్చాడు. అప్పటికి ముప్పై మూడేళ్లు. ఇంకో ఐదు మ్యాచ్‌లు వేల్స్‌కి ఆడాడు, మొత్తం 32. మధ్యలో పోయిన ఏడేళ్లూ పోయినట్టే.

మా పెద్దాయన లీగ్‌ని ఆటగానే లెక్కపెట్టేవారు కాదు. వెంబ్లీ ట్రై మాత్రం నా ఫోన్‌లో మళ్లీ మళ్లీ పెట్టించుకునేవారు. "ఇది లీగే కదా తాతా" అంటే, "పరిగెత్తేది నీత్ కుర్రాడు" అని ఫోన్ లాక్కునేవారు.