ఎక్కడ బుక్ చేయాలి, ఎక్కడ వదిలేయాలి: ఆగస్టు కారవాన్ ప్రయాణానికి పెద్దమ్మ ఉత్తరం

చిరంజీవి బాబుకు, పెద్దమ్మ ఆశీస్సులు.

మీరు కారవాన్, అదే కారు వెనక తగిలించుకునే చక్రాల ఇల్లు, కొన్నారని తెలిసి మీ పెదనాన్నా నేనూ చాలా సంతోషించాం. ఆగస్టు మొదటి రెండు వారాలు ఇంగ్లండు నుంచి ఫ్రాన్సు వెళ్తున్నారట. ఏడాదిలో ఉన్న వారాలన్నిటిలో ఏరి కోరి ఆ రెండే పట్టుకున్నారు! పిల్లాడి బడి సెలవులను బట్టి నడుచుకోవాలి కాబట్టి మిమ్మల్ని అని లాభం లేదు.

రాత్రిపూట కారవాన్ నిలుపుకునే క్యాంపుల గురించి మీ ఆఫీసులో ఒకాయన "ఏదీ ముందుగా బుక్ చేయకు, నచ్చిన చోట ఆగు" అన్నాడని, ఎదురింటివాళ్లు "ఇప్పుడే అన్నీ బుక్ చేసుకోకపోతే రోడ్డు మీదే పడుకోవాలి" అని భయపెట్టారని రాశావు. ఎవరి మాట వినాలని అడిగావు. ఇద్దరూ నిజమే చెప్పారు. కాకపోతే ఎవరికి వాళ్లు తాము చూసిన ఫ్రాన్సు గురించి చెప్పారు.

ముందు ఆ ఆఫీసాయనను ఒక్క మాట అడుగు. ఆయనది కారు వెనక తగిలించుకునే కారవానా, లేక ఇంజనూ ఇల్లూ ఒకే బండిగా ఉండే మోటర్‌హోమా? నాకెందుకో రెండోదే అనిపిస్తోంది. మోటర్‌హోమ్ వాళ్లు రాత్రికి ఆగడానికి ఫ్రాన్సులో ఊరూరా వేరే స్థలాలుంటాయి. 'ఏర్' అంటారు. క్యాంపు నిండిపోతే వాళ్లు నిశ్చింతగా అక్కడికి పోతారు. కారవాన్లను సాధారణంగా అక్కడికి రానివ్వరు. ఇక హైవే పక్కన విశ్రాంతి స్థలాల్లో రాత్రి గడపడం అంటావా, చాలామంది చేస్తారు, నువ్వు చేయకు. దొంగల బెడద ఉంది, పక్కన లారీల మోత ఉంది, పిల్లాడు ఉన్నాడు. అంటే క్యాంపులో చోటు దొరక్కపోతే మోటర్‌హోమ్ ఆయనకు ఉన్న రెండో దారి నీకు లేదు. ఆయన ధైర్యం చూసి నువ్వు ధైర్యం తెచ్చుకోకు.

ఇక కాలం సంగతి. చలికాలం సెలవులు, వసంతం సెలవులు ఫ్రాన్సులో మూడు మండలాలకు వేర్వేరు తేదీల్లో ఇస్తారు. వేసవి సెలవులు మాత్రం దేశమంతటికీ ఒకేసారి. జూలై 14 జాతీయ దినం నుంచి ఆగస్టు 15 మేరీమాత పండుగ దాకా ఆ దేశం దేశమంతా సముద్రం వైపు కదులుతుంది. దానికి తోడు డచ్చివాళ్లు, బెల్జియంవాళ్లు, జర్మన్లు కారవాన్లు తగిలించుకుని దక్షిణానికి దిగుతారు. కాబట్టి సముద్రతీరం అనుకుంటే ఆలోచించవలసింది ఏమీ లేదు, బుక్ చేసి తీరాలి. వాందే తీరం, రే ద్వీపం, ఆర్కషోన్ చుట్టుపక్కల, మధ్యధరా అంచు, ఇవన్నీ ఒక తీరు. తీరం కాకపోయినా అదే రద్దీ ఉండే చోట్లు కొన్ని ఉన్నాయి. ఆర్దేష్ నది మీద వాలోన్-పోన్-దార్క్, వెర్దోన్ లోయ, ఆనెసీ సరస్సు. మీరు ఇటలీలో గార్దా సరస్సు చూడాలని కూడా అనుకుంటున్నారు కదా, అక్కడా ఇదే కథ. ఇలాంటి చోట్ల పెద్ద క్యాంపులు ఆ వారాల్లో ఒకటి రెండు రాత్రులకు స్థలం ఇవ్వడానికి ఇష్టపడవు. శనివారం నుంచి శనివారం దాకా వారం మొత్తం తీసుకోమంటాయి. ఇప్పుడు ఫిబ్రవరి. నీడ ఉన్న స్థలాలు, నీళ్లకు దగ్గరి స్థలాలు ఈపాటికే పోతూ ఉంటాయి. ఈ వారంలో పని ముగించు.

లోపలి ఫ్రాన్సు వేరే లోకం. బుర్గోన్య్, షాంపేన్, ఒవెర్న్య్, లిమూజాన్ ప్రాంతాల్లో చిన్న చిన్న ఊళ్లకు మున్సిపాలిటీ నడిపే క్యాంపులుంటాయి. ఏటి ఒడ్డునో, ఆటస్థలం పక్కనో నాలుగు వరుసల చెట్లు, శుభ్రమైన స్నానాల గదులు, పొద్దున్నే రొట్టె. నా ఇష్టాన్ని అడిగితే సెలవంతా వీటిలోనే గడపమంటాను. ఈత కొలనుల జారుడుబల్లలు లేవని పిల్లాడు రెండు రోజులు మూతి ముడుస్తాడు, మూడో రోజు ఏట్లోనుంచి బయటికి రాడు. ఇక్కడ ఆగస్టులో కూడా చాలావరకు ముందు రిజర్వేషన్ అక్కర్లేదు. పొద్దున బయలుదేరే ముందు ఫోను చేసి ఒక కారవాన్‌కు చోటుందా అని అడిగితే చాలు. కానీ మధ్యాహ్నం మూడు లోపల చేరాలి. క్యాంపు ఆఫీసు భోజనవేళకు మూసి ఉంటుందని తెలిసి, తెరిచేసరికి గేటు ముందు ఉండేవాళ్లకు చోటు దొరుకుతుంది. సాయంత్రం ఏడింటికి చేరేవాళ్లకు 'కోంప్లే' అని బోర్డు కనిపిస్తుంది, అంటే నిండిపోయిందని.

ఒక మినహాయింపు చెప్పాలి. కలే రేవు నుంచి రేమ్స్, త్రువా, దిజోన్, బోన్, లియోన్ మీదుగా దక్షిణానికి పోయే దారి ఉందే, దాని వెంబడి ఉన్న ఊళ్లు లోపలి ఫ్రాన్సువే అయినా ఆగస్టులో సత్రాలు. ఉత్తరం నుంచి వచ్చేవాళ్లందరూ మొదటి రాత్రో రెండో రాత్రో అక్కడే ఆగుతారు. బోన్‌లో మధ్యాహ్నానికే నిండిపోతుంది. ఆ దారిలో ఆగాలంటే బుక్ చేయి, లేదా హైవే దిగి ఇరవై ముప్ఫై కిలోమీటర్లు పక్కకు పో. నేనైతే పక్కకు పొమ్మంటాను.

ఇంతవరకు చెప్పింది ఎవరికైనా వర్తిస్తుంది. నీ విషయంలో ఇంకో సంగతి ఉంది, ఆఫీసాయనకూ ఎదురింటివాళ్లకూ తెలియనిది. పిల్లాడిది బ్రిటిష్ పాస్‌పోర్టు. నీదీ కోడలిదీ ఇంకా భారతీయ పాస్‌పోర్టులే. మీ ఇద్దరికీ షెంజెన్ వీసా, అంటే యూరప్‌లో చాలా దేశాలకు చెల్లే ఉమ్మడి వీసా, కావాలి. ఆ దరఖాస్తుతో ప్రతి రాత్రి ఎక్కడ ఉంటారో చూపించే కాగితాలు పెట్టాలి. "నచ్చిన చోట ఆగుతాం" అంటే కౌంటరులో ఎవరూ వినరు. కాబట్టి మీకు అన్ని రాత్రులూ బుక్ చేయడం తప్పదు. ఏది కదపలేనిది, ఏది కదపగలిగేది అన్నది మాత్రం మీ చేతిలో ఉంది. సముద్రం దగ్గర వారానికి డబ్బు కట్టి గట్టిగా పట్టుకోండి. దారిలో రాత్రులకు మాత్రం చివరి రోజుల దాకా ఖర్చు లేకుండా తేదీ మార్చనిచ్చే క్యాంపులే చూసుకోండి. రాత్రులు ఏ దేశంలో ఎక్కువో ఆ దేశానికే దరఖాస్తు చేయాలి. వీసా చేతికి రాగానే అన్నీ రద్దు చేసి ఇటలీలోనే పది రోజులు ఉంటామంటే మాత్రం సరిహద్దులో జవాబు చెప్పుకోవలసి వస్తుంది. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు తీసుకుంటారు. వేసవి దగ్గరపడ్డాక అపాయింట్‌మెంటు దొరకడమే గగనం. క్యాంపు పంపే రసీదులో మామూలుగా బుక్ చేసినవాళ్ల పేరొక్కటే ఉంటుంది. ముగ్గురి పేర్లూ పాస్‌పోర్టులో ఉన్నట్టే రాసి పంపమని అడుగు, ఇస్తారు.

బుక్ చేసేటప్పుడు అడగవలసినవి కొన్ని ఉన్నాయి. మీ బండి పొడవు కొక్కెంతో సహా చెప్పండి. మీది ఒక ఇరుసా, రెండు ఇరుసులా? రెండు ఇరుసుల కారవాన్లను కొన్ని మున్సిపల్ క్యాంపులు రానివ్వవు. కరెంటు ఎన్ని ఆంపియర్లో అడగడం మరవద్దు, వంట చేసుకునే మనకు ఇది ముఖ్యం. 6 ఆంపియర్లంటే సుమారు 1,400 వాట్లు. ఇంగ్లండు ఎలక్ట్రిక్ కెటిల్ ఒక్కటే 3,000 వాట్ల దాకా లాగుతుంది. స్విచ్చి వేయగానే కరెంటు పోతుంది. రైస్ కుక్కర్ పెట్టినప్పుడు ఇంకేదీ పెట్టకుండా ఉంటే నడుస్తుంది. పది ఆంపియర్ల చోటు దొరికితే రెండు యూరోలు ఎక్కువైనా తీసుకో. గేటు రాత్రి ఎన్నింటికి మూస్తారో కనుక్కో. చాలా చోట్ల పదింటికి మూస్తారు. మీ ఫెర్రీ కలే చేరేదే రాత్రి అయితే మొదటి రాత్రికి రేవు దగ్గరే, ఆలస్యంగా వచ్చేవాళ్లకు వేరే చోటు ఉంచే క్యాంపు చూసుకోండి.

అడ్వాన్సు కట్టే ముందు షరతుల్లో ఏ మాట రాశారో చూడు. ఫ్రాన్సు చట్టంలో 'ఆర్ర్' కింద కట్టిన డబ్బయితే మానుకున్నప్పుడు అది మాత్రమే పోతుంది, వాళ్లే మానుకుంటే రెట్టింపు ఇవ్వాలి. 'అకోంత్' కింద కట్టినదయితే అది ఒప్పందమే, మిగతా డబ్బు కూడా అడగవచ్చు. రిజర్వేషన్ ఫీజు సాధారణంగా తిరిగి రాదు. రద్దు బీమా కాస్త ఖర్చయినా ఈసారికి తీసుకో, వీసా ఇంకా రాలేదు కాబట్టి. వీసా నిరాకరణ అందులో ఉందో లేదో చదివి మరీ తీసుకో.

శనివారం కదలకండి. 'బిజోన్ ఫ్యూటే' అని ఫ్రాన్సు ప్రభుత్వ ట్రాఫిక్ సేవ ఉంది. ఏ రోజు రోడ్డు ఎలా ఉంటుందో ఆకుపచ్చ, నారింజ, ఎరుపు, నలుపు రంగుల్లో ముందే చెబుతుంది. నలుపు రంగు ఎక్కువగా పడేది ఆగస్టు మొదట్లో ఒక శనివారానికి. జూలైవాళ్లు ఇంటికి తిరిగే రోజూ, ఆగస్టువాళ్లు బయలుదేరే రోజూ అదే. తీరంలో వారం శనివారమే మొదలవుతుందంటే, శుక్రవారం రాత్రికే యాభై అరవై కిలోమీటర్ల దూరానికి చేరుకుని ఆగండి.

కోడలికి రెండు మాటలు చెప్పు. అక్కడి క్యాంపు కొలనుల్లో వదులు నిక్కర్లతో దిగనివ్వరు, ఒంటికి అతుక్కునే ఈత దుస్తులే కావాలి. నీకూ పిల్లాడికీ ఇక్కడే కొనేయండి. రెండోది, ఇంగ్లండు నుంచి మాంసం, పాల పదార్థాలు యూరప్‌లోకి తీసుకెళ్లకూడదు. ఆవకాయ పెట్టుకోండి, పప్పులు పెట్టుకోండి. నెయ్యి సీసా మాత్రం ఇంట్లోనే ఉంచేయండి. అక్కడ వెన్న దివ్యంగా ఉంటుంది, పావుగంటలో కాచుకోవచ్చు.

దారి ఖాయమయ్యాక ఊళ్ల పేర్లు రాసి పంపు, ఏవి ఈ వారమే పట్టుకోవాలో గుర్తు పెట్టి తిప్పి పంపుతాను.

ఇట్లు
మీ పెద్దమ్మ