గింజ కూడా శ్వాసిస్తుందా?

ప్రశ్న: సరిగా ఆరని వేరుశనగ కాయల కుప్పలోకి చేయి పెడితే వెచ్చగా తగిలింది. గింజలు కూడా ఊపిరి తీస్తాయా? – ఒక పాఠకురాలు, కళ్యాణదుర్గం, అనంతపురం జిల్లా

జవాబు: గాలి పీల్చి వదలడం ఒక్కటే శ్వాసక్రియ కాదు. జీవకణం చక్కెర, కొవ్వు వంటి ఆహారాన్ని ఆక్సిజన్ సాయంతో అంచెలంచెలుగా విడగొట్టి, అందులోని శక్తిని ఏటీపీ అనే, కణంలో శక్తిని మోసే అణువులుగా అందుకోవడమే శ్వాసక్రియ; మొక్క ఎదుగుదలకు, మన కండరాల కదలికకు, ఒంటి వెచ్చదనానికి అదే ఆధారం. ఏటీపీలోకి చేరని శక్తి వేడిగా బయటపడుతుంది. మీ చేతికి తగిలింది ఆ వేడే.

పచ్చిదనం పోని గింజా, దానిపై పుట్టే బూజూ రెండూ శ్వాసిస్తాయి. ఆ క్రియలో నీరు కూడా వెలువడుతుంది కనుక కుప్పలో తేమ పెరిగి, శ్వాసక్రియ మరింత వేగమై, గింజ తన నూనెను తానే ఖర్చు చేసుకుంటూ మొలకెత్తే శక్తిని కోల్పోతుంది. బూజు వల్ల అఫ్లాటాక్సిన్ అనే విషం చేరే ప్రమాదమూ ఉంది. దీన్ని తేలికగా తీసుకోకండి. కాయల్లో తేమ 9 శాతం లోపుకు దిగాలి. గుప్పెడు కాయలు చెవి దగ్గర ఆడిస్తే గలగలమనాలి.

వేర్లకూ ఆక్సిజన్ కావాలి. నల్లరేగడి చేలో నీరు నిలిచినప్పుడు పైరు పసుపెక్కడానికి అది అందకపోవడమే ముఖ్య కారణం.